పిట్ట భాషకు వ్యాకరణం

ఇరవైయేళ్లుగా నేను కళాశాలలో తెలుగు చెబుతున్నాను. సంధులు, సమాసాలు, అలంకారాలు పిల్లలకు నూరిపోయడమే నా వృత్తి. మాట అంటూ ఒకటి ఉంటే దానికి అర్థం చెప్పగలనని నాకు కాస్త గర్వం కూడా ఉండేది. నిండా వంద గ్రాములైనా తూగని ఒక పిట్ట పోయిన ఏడాది ఆ గర్వాన్ని దులిపేసింది.

మాది గోదావరిఖని. ఊరి పేరులోనే నదీ ఉన్నది, గనీ ఉన్నది. మావారు బొగ్గు గనిలో ఓవర్‌మన్. మామగారు కూడా ముప్పయ్యేళ్లు భూగర్భంలో పనిచేసి రిటైరైన మనిషే. మూడేళ్ల క్రితం మా అత్తగారు పోయినప్పటినుంచీ ఆయనకు మాట తగ్గిపోయింది. పొద్దున్న టీ, సాయంత్రం బీడీ, మధ్యలో కిటికీ - అంతే ఆయన దినచర్య. "తాతకు తోడుగా ఒక చిలకను తెద్దామమ్మా" అని మొదలుపెట్టింది తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి.

రామచిలకను తేవడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన అడవి చిలకలను పట్టి పంజరంలో పెట్టడం నేరం. ఆ సంగతి తెలియక ఇప్పటికీ పెంచేవాళ్లు ఉన్నారనుకోండి, అది వేరే మాట. అంచేత కరీంనగరం వెళ్లి, పంజరాల్లోనే పుట్టి పెరిగే విదేశీ జాతి కాకటీల్ పిట్టను ఒకదాన్ని తెచ్చాము. బూడిదరంగు ఒళ్లు, పసుపుపచ్చని ముఖం, రెండు చెంపల మీద నారింజరంగు బొట్లు, నెత్తిన నిక్కబొడుచుకున్న కుచ్చు. అమ్మాయి దానికి 'కుచ్చు' అని పేరు పెట్టింది. మామగారు ఒక 'అయ్య' తగిలించి 'కుచ్చయ్య'ను చేశారు.

వృత్తి ధర్మం కొద్దీ నేను ముందుగా జాతి పేరు సంగతి చూశాను. మలయా భాషలోని 'కాకాతువా' అన్న మాట డచ్చివారి నోట పడి, 'చిన్న కాకాతువా' అన్న అర్థంలో చివరకు కాకటీల్ అయిందట. కాకాతువాల కుటుంబంలో అన్నిటికన్నా చిన్నది ఇదే. స్వస్థలం ఆస్ట్రేలియా. శాస్త్రీయ నామం నింఫికస్ హాలండికస్. అంటే న్యూ హాలండు దేశపు అప్సరస అన్నమాట. ఒకప్పుడు ఐరోపావారు ఆస్ట్రేలియాను న్యూ హాలండ్ అనేవారు. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవయ్యేళ్లు బ్రతుకుతుందని చదివి వినిపిస్తే మామగారు నవ్వారు. "అట్లయితే నాకంటే ఎక్కువనే ఉంటది బిడ్డా" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు విన్నాము.

అపార్థాల వారం

పంజరం మామగారి గదిలోనే పెట్టాము. మొదటి వారమంతా అపార్థాలే.

రాత్రి దీపం తగ్గించగానే ఆ గదిలోంచి కర్ర్, కర్ర్ మని చప్పుడు. ఎలుక కాబోలనుకుని చీపురు పట్టుకుని వెళ్లాను. ఎలుక కాదు, కుచ్చయ్య ముక్కు కొరుకుతున్నాడు! పసిపిల్లలు నిద్రలో పళ్లు కొరికితే కడుపులో పురుగులున్నాయంటారు గదా, వీడికీ అదే జబ్బనుకున్నాను. తీరా చూస్తే అది జబ్బు కాదు. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు ఈ పిట్టలు పైముక్కునూ కింది ముక్కునూ అలా రాచుకుంటాయి. మనం భోజనం చేసి పడకకుర్చీలో వాలి నిట్టూర్చడం లాంటిదే.

మర్నాడు ఒంటికాలి మీద నిలబడ్డాడు. కాలు విరిగిందని అమ్మాయి ఏడుపు. విరగలేదు, రెండో కాలును ఈకల్లోకి ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఇంకోరోజు తల వంచి నెత్తిని పంజరపు ఊచలకు ఆనించి అలాగే నిలబడిపోయాడు. కళ్లు తిరిగాయేమో అనుకున్నాను. మామగారు వేలు లోపలికి పోనిచ్చి మెడ మీద గోకారు. కుచ్చయ్య కళ్లు అరమోడ్పులయ్యాయి. తలమీద కొత్త ఈకలు మొలిచేటప్పుడు దురద పెడుతుంది. సొంత ముక్కు అక్కడికి అందదు. గుంపులో ఉంటే తోటి పిట్ట ఆ పని చేసిపెడుతుంది. ఇక్కడ తోటి పిట్ట మా మామగారు.

భరతముని అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పాడు. కుచ్చయ్య దగ్గర వాచికం కొద్ది. ప్రెషర్ కుక్కర్ ఈలను మాత్రం అచ్చు దింపేస్తాడు. మూడో ఈల అనుకుని నేను పొయ్యి ఆర్పడం, అన్నం పలుకుగా ఉందని మావారు గొణగడం నెలరోజులు సాగింది. మిగతాదంతా ఆంగికమే. అందులోనూ ముఖ్యమైనది కుచ్చు.

కుచ్చు నిటారుగా లేచిందంటే దేన్నో చూసి ఉలిక్కిపడ్డాడు, లేదా వింత పడుతున్నాడు. కుచ్చు వెనక్కి వాలి, కొస మాత్రం కాస్త పైకి తిరిగి ఉంటే కులాసాగా ఉన్నాడు. నెత్తికి అతుక్కుపోయేటట్టు అణిచిపెట్టి, నోరు తెరిచి బుస కొడుతూ అటూ ఇటూ ఊగితే మాత్రం దగ్గరికి వెళ్లకూడదు. అది కోపమూ కావచ్చు, భయమూ కావచ్చు. అప్పుడు చెయ్యి పెట్టినవాళ్ల వేలు కొరికితే తప్పు పిట్టది కాదు. మా ఎదురింటావిడకు ఈ పాఠం నెత్తురు చుక్కతో సహా వచ్చింది.

రెక్కలు రెంటినీ ఒంటికి కాస్త ఎడంగా ఎత్తిపట్టి, ఈలలు వేస్తూ, ముక్కుతో గిన్నెను టకటక కొడుతూ తిరిగితే అది మగపిట్ట శృంగార చేష్ట. మా ఇంట్లో ఆ గౌరవం మామగారి స్టీలు గ్లాసుకు దక్కింది. అందులో తన నీడే తనకు కనబడుతుంది పాపం!

చీకటి భయం

ఇంతవరకూ నవ్వులాట. ఒకనాటి రాత్రి నవ్వు పోయింది.

అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. రోడ్డు మీద ఏదో బరువైన లారీ వెళ్లింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. ఆ వెంటనే మామగారి గదిలో పంజరం బద్దలవుతుందేమో అన్నంత గోల. నేను సెల్‌ఫోను లైటు వేసుకుని పరుగెత్తాను. కుచ్చయ్య ఊచలకు కొట్టుకుంటూ, కిందపడుతూ, మళ్లీ లేస్తూ ఉన్నాడు. రెక్క మీద నెత్తురు. నేను లైటు సరిగ్గా వాడి ముఖం మీదే వేశాను. గోల రెట్టింపయింది.

"దాని కండ్లల్ల ఎలుగు కొట్టకు బిడ్డా" అన్నారు మామగారు, గొంతు పెంచకుండా. "లైటు నేల మీదికి తిప్పు. నేను దాన్ని చూసుడు కాదు, అది నన్ను చూడాలె."

గనిలో టోపీకి దీపం తగిలించుకున్నవాళ్లు ఎదుటివాడి కళ్లలోకి సూటిగా వెలుగు వేయరు. అది అక్కడి మర్యాద. ముప్పయ్యేళ్ల ఆ అలవాటు ఆ రాత్రి పనికొచ్చింది. ఆయన పంజరం పక్కన నేలమీద కూర్చుని చిన్నగా మాట్లాడుతూ ఉండిపోయారు. పావుగంటకు పిట్ట కొయ్య మీదికి ఎక్కింది.

కాకటీళ్లకు ఈ రాత్రి భయం మెండు. పక్షుల కాళ్లలో అదురును పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. మనకు తెలియని చిన్న కంపనం కూడా వాటికి తెలుస్తుంది. బయలు ప్రదేశంలో గుంపుగా బ్రతికే జాతి గనుక, అనుమానం రాగానే ఎగిరిపోవడమే వాటికి తెలిసిన రక్షణ. చీకటి పంజరంలో ఎగరడానికి చోటేది? ఎటు ఎగిరినా ఊచలే. మర్నాటినుంచి ఆ గదిలో చిన్న బల్బు రాత్రంతా వెలిగేటట్టూ, కరెంటు పోయినా ఆరకుండా ఉండేటట్టూ మావారు ఏర్పాటు చేశారు. పంజరం మీద కప్పే గుడ్డను ఒక పక్క తెరిచి ఉంచాము. గోడకు వేలాడుతున్న పంజరాన్ని గట్టి బల్ల మీదికి మార్చాము. మళ్లీ అటువంటి రాత్రి రాలేదు.

బహుళం

చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణంలో 'బహుళం' అనే మాట వాడతాడు. కార్యం ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట జరిగినా జరగకపోయినా సరే, మరొకచోట ఇంకొకలా జరుగుతుంది. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడల్లా వాళ్లు విసుక్కుంటారు. పిట్ట భాష అంతా బహుళమే.

ఒళ్లంతా ఈకలు ఉబ్బించి కూర్చున్నాడంటే చలి కావచ్చు, నిద్ర కావచ్చు, జబ్బూ కావచ్చు. తల పైకీ కిందికీ ఆడిస్తూ తిన్న గింజలు బయటికి తెచ్చి ఎవరిముందైనా పెడితే అది ప్రేమ. గుంపులో తన జంటకు అలాగే తినిపిస్తాడు. అదే గింజలు తల విదిలిస్తూ చెల్లాచెదురుగా కక్కి, నెత్తిమీది ఈకలు జిగటగా అంటుకుపోయి ఉంటే అది వాంతి. గుర్తు ఒకటే, అర్థాలు రెండు. పక్కనున్న మాటలన్నీ చదివితేనే వాక్యం బోధపడేది. అంతకన్నా ముందు, ఆ పిట్ట మామూలుగా ఉండే తీరు మనకు తెలిసి ఉండాలి. మామూలు తెలియనివాడికి విపరీతం తెలియదు.

ఇంత చెబుతున్న నేనే డిసెంబరులో తప్పు చదివాను.

చలి ముదిరింది. మామగారి గది కిటికీలు మూసేశాము. దోమలని రాత్రంతా దోమల బత్తి వెలిగిస్తున్నాము. కుక్కరు ఈల ఆగిపోయింది. అన్నం సరిగ్గా ఉడుకుతున్నది. "వీడికి బుద్ధి వచ్చింది" అని నేను సంతోషించాను! అల్లరి పిల్లవాడు తరగతిలో ఒకనాడు నోరెత్తకుండా కూర్చుంటే మెచ్చుకుని వచ్చే అయ్యవార్ల జాబితాలో నా పేరు కూడా రాసుకోండి.

పట్టుకున్నది మామగారే. "దాని తోక చూడు బిడ్డా. ఊపిరి తీసినప్పుడల్ల ఊగుతున్నది" అన్నారు. చూశాను. కదలకుండా కూర్చున్న పిట్ట తోక, ఒక్కొక్క శ్వాసకూ పైకీ కిందికీ ఊగుతున్నది. ఒంటికాలి మీద నిద్రపోవడం మానేసి రెండు కాళ్లతో కొయ్యను పట్టుకుని ఉన్నాడు. గిన్నెలో గింజలున్నాయి కాని సగం ఉత్త పొట్టే. మా అమ్మాయి ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో వాడిని తూచి నోటుబుక్కులో రాస్తుంది. దసరా నాటికి 92 గ్రాములు. ఆ రోజు తూస్తే 81. పదో వంతు బరువు తగ్గితేనే పిట్టకు ప్రమాదమని పుస్తకాలు చెబుతాయి.

పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాము. బర్రెల మధ్య, మేకల మధ్య మా పంజరం. డాక్టరమ్మ ఐదు నిమిషాలు పిట్టను ముట్టుకోకుండా దూరంగా నిలబడి చూసింది. తరువాత చేతిలోకి తీసుకుంది. ఊపిరికి సంబంధించిన జబ్బే అన్నది. మందు చుక్కలు ఇచ్చి, వెచ్చగా ఉంచమన్నది. ఆపైన ప్రశ్నలు మొదలుపెట్టింది. కిటికీ తెరుస్తారా? దోమల బత్తి ఉన్నదా? అగరొత్తులు? నాన్‌స్టిక్ పెనం మాడిందా?

పెనం మాడితే వచ్చే పొగ మనకు వాసన తెలియకముందే పిట్టను చంపగలదట. పక్షి ఊపిరి మన ఊపిరి వంటిది కాదు. వాటికి ఊపిరితిత్తులతో పాటు గాలి సంచులుంటాయి. గాలి లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ కూడా ప్రాణవాయువు రక్తంలోకి చేరుతుంది. అంత చక్కని ఏర్పాటు వల్లనే విషవాయువు కూడా అంత వేగంగా ఎక్కుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు బొగ్గు గనుల్లో కార్బన్ మోనాక్సైడును కనిపెట్టడానికి కెనరీ పిట్టలను వాడవచ్చునని చెప్పింది ఇందుకే. బ్రిటిషు గనుల్లో 1986 తర్వాతగాని యంత్రాలు వాటి స్థానంలోకి రాలేదు. మన దేశంలో ఆ పనికి మునియా పిట్టను వాడేవారు. గని మనిషి గనుక మామగారికి ఈ సంగతి తెలుసు. బయట బెంచీ మీద కూర్చుని ఆయన ఏమీ మాట్లాడలేదు.

డాక్టరమ్మ చివరి ప్రశ్న అడిగింది. "ఆ గదిలో ఇంకా ఎవరు పడుకుంటారు?"

చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. కాకటీల్ ఈకలనుంచి తెల్లని పొడి రాలుతుంది, మీరు చూసే ఉంటారు. మూసిన గదిలో ఆ పొడి, దోమల బత్తి పొగ - ఊపిరి బలహీనంగా ఉన్నవాళ్లకు మంచివి కావు. పిట్టల జబ్బుల్లో మనుషులకు అంటేవి కూడా కొన్ని ఉన్నాయి. "పెద్దాయనను కూడా డాక్టరుకు చూపించండి" అన్నది.

ఇంటికి వచ్చి అడిగితే, "నాకేమైతది" అన్నారు మామగారు. అప్పుడు మా అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "తాత రాత్రిపూట పడుకోవడం లేదమ్మా. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. దగ్గు వస్తే దిండు అడ్డం పెట్టుకుంటున్నాడు."

ఎన్నాళ్లుగా అంటే మూడు వారాలుగా. ఇంత చిన్న ఇంట్లో నాకు తెలియలేదు. దగ్గు వినబడటం లేదు గనుక దగ్గు తగ్గిందనుకున్నాను. ఎందుకు చెప్పలేదని మావారు గద్దించారు. చాలాసేపటికి జవాబు వచ్చింది. "చెప్తే పిట్టను ఆడికెల్లి తీస్తరు గద."

పిట్టలు జబ్బును దాచుకుంటాయని అన్ని పుస్తకాల్లోనూ ఉన్నది. గుంపులో నీరసించిన దానినే గద్ద ముందు ఎత్తుకుపోతుంది. అంచేత ఓపిక ఉన్నంతవరకూ ఏమీ లేనట్టే కనబడతాయి. మనకు తెలిసేసరికి చాలా దూరం వచ్చి ఉంటుంది. ఈ పేరాను నేను అమ్మాయికి రెండుసార్లు చదివి వినిపించాను కూడా. మా ఇంట్లోనే ఇంకొకరు అలా దాచుకోగలరని నాకు తోచలేదు.

ఇప్పుడు

ఛాతీ డాక్టరు మామగారిని పరీక్షించి, గాలి గొట్టాలు వాచాయన్నాడు. పీల్చుకునే మందు ఇచ్చాడు. బీడీ, దోమల బత్తి రెండూ ఇంట్లోంచి వెళ్లిపోయాయి. ఇప్పుడు దోమతెర కడుతున్నాము. పంజరం గదిలోంచి వరండాకు మారింది. వరండా కూడా ఆయనదేనని, పొద్దుటి ఎండలో కుర్చీ అక్కడే వేస్తామని చెప్పాకనే ఒప్పుకున్నారు. పంజరం శుభ్రం చేసే పని మాత్రం నాది; అదీ ముక్కుకు గుడ్డ కట్టుకుని. వారానికి రెండుసార్లు ఎండపొద్దున అమ్మాయి సన్నని తుంపరగా నీళ్లు చల్లుతుంది. కుచ్చయ్య రెక్కలు చాపి స్నానం చేస్తాడు. పొడి రాలడం బాగా తగ్గింది.

సంక్రాంతి నాటికి వాడి బరువు 90 గ్రాములకు చేరింది. మామగారు పడుకునే నిద్రపోతున్నారు. ఆ సంగతి రోజూ రాత్రి నేను తలుపు దగ్గర నిలబడి చూసి వస్తున్నాను. ఆయనకు అది తెలుసు, తెలియనట్టు ఉంటారు.

మీ ఇంట్లో కూడా పిట్ట ఉంటే, అది ఏమి చేస్తే ఏమి అర్థమని పట్టిక రాసుకోవడంతో సరిపెట్టుకోకండి. రోజూ ఒక పావుగంట ఊరికే కూర్చుని చూడండి. ఎంత తింటున్నది, రెట్ట ఎలా ఉన్నది, ఏ కాలి మీద నిద్రపోతున్నది, ఏ వేళకు ఈల వేస్తున్నది - ఇవి తెలిస్తే చాలు. వారానికొకసారి తూచండి. ఒళ్లు ఉబ్బించి పగలంతా కునుకుతున్నా, పంజరం అడుగున కూర్చున్నా, ఊపిరికి తోక ఊగుతున్నా, నోరు తెరిచి గాలి పీలుస్తున్నా రేపు చూద్దామనుకోకండి. అన్నిటికీ మించి, అలవాటైన గోల ఒకటి హఠాత్తుగా ఆగిపోతే సంతోషించకండి.

మొన్న ఆదివారం వంటింట్లో ఉండగా మూడో ఈల వినబడింది. పొయ్యి ఆర్పేశాను. వరండాలోంచి మామగారు నవ్వుతూ కేకవేశారు: "అది కుక్కరు కాదు బిడ్డా, కుచ్చయ్య!"

ఆ పూట అన్నం పలుకుగానే తిన్నాము. మావారు కూడా గొణగలేదు.